మావయ్య ఎడమచెయ్యి

వానాకాలం సాయంత్రాలు నేను పాఠాలు చెప్పే బడి విడిచేక, విశాఖపట్నం టౌను బస్సులో కూర్చోడానికి చోటు దొరక్క, పైన ఇనప కడ్డీ పట్టుకుని నిలబడి ఇంటికి వస్తుంటాను. ఎంతమందివో తడిచేతుల చెమటా, వాన నీరూ, ఇనుమూ కలిసిన వాసనొకటి అరచేతికి అంటుకుంటుంది. సబ్బుతో కడిగినా ఒక పట్టాన పోదు. గదికి వచ్చి తలుపు వేసుకుని, ఎవరూ చూడరు కదా అని ఎడమచేతి వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ఆ వాసన నన్ను చోడవరంలో మా పెంకుటింటి అరుగు మీదికి తీసుకుపోతుంది. చెమటపట్టిన గిటారు తీగల వాసన అది. అది తగిలినప్పుడల్లా నాకు మొదట సంతోషం వస్తుంది, దాని వెనకే భయం వస్తుంది. ఇన్నేళ్ళయినా ఆ వరస మారలేదు.

మా నాన్న మిషను బడిలో పంతులు. ఆదివారాలు చర్చిలో హార్మోనియం కూడా ఆయనే వాయించేవాడు. చర్చి వెనక సందులో మా ఇల్లు. ఇంట్లో నాన్న, అమ్మ, అమ్మమ్మ, నేను. నాకు తోడపుట్టినవాళ్ళు లేరు. బళ్ళో పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే గోడవార నిలబడి చూసేదాన్ని గాని, నన్నూ చేర్చుకోండని అడగడానికి నోరు వచ్చేది కాదు. అడగలేని మాటలన్నీ ఇంటికొచ్చి, నాన్న ఇచ్చిన పాత నోటు పుస్తకంలో రాసుకునేదాన్ని. మా సందు చివర చెరుకు తోటలు మొదలయ్యేవి. ఆషాఢం గాలికి ఆకులు ఒకదాన్నొకటి రాసుకుంటూ చేసే చప్పుడు ఇంట్లోకి వినిపించేది. అదెప్పుడూ ఎవరో గుసగుసలాడుతున్నట్టే ఉండేది నాకు.

ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన ఏడాది, వానలు పట్టుకున్న రోజుల్లో, అమ్మకున్న ఒక్కగానొక్క తమ్ముడు తిమోతి మావయ్య అనకాపల్లి బస్సు దిగి మా ఇంటికి వచ్చేడు. ఒక చేత్తో రేకు పెట్టె, భుజాన దుప్పటిలో చుట్టిన గిటారు. వాల్తేరు రైల్వేలో ఫిట్టరుగా చేసేవాడు. పని మానేసేనని చెప్పేడు. ఎందుకు మానేసేవని ఎవరూ అడగలేదు. అమ్మ అతని మొహంలోకి ఒకసారి చూసి, కాళ్ళు కడుక్కోమని నీళ్ళిచ్చి, లోపలికి వెళ్ళి పొయ్యి రాజేసింది.

దుప్పటి విప్పినప్పుడు ఆ గిటారుని నేను మొదటిసారి చూసేను. తేనెరంగు చెక్క, నడుము దగ్గర రంగు పోయి తెల్లబడింది. వాల్తేరు రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు దేశం విడిచి పోతూ మావయ్యకి ఇచ్చేడట, వాయించడం కూడా అతనే నేర్పేడట. ఆరు తీగలుండాల్సిన దానికి సన్నవి రెండూ తెగిపోయి, లావువి నాలుగే మిగిలేయి. కొత్తవి ఎక్కడా దొరకలేదు. దొరక్కపోతే ఏటి, పైన పాడడానికి మనుషులున్నారు గదా, మనం కింద ఉందాం అనేవాడు మావయ్య. ఆ కింద ఉండడాన్ని అతను బేసు అనేవాడు. నాన్న హార్మోనియం మీద కీర్తన ఎత్తుకుంటే, మావయ్య ఆ నాలుగు తీగల మీద ఒక్కొక్క స్వరం బరువుగా, ఆగి ఆగి వేసేవాడు. అది చెవికంటే ముందు కాళ్ళ కింద నేలకి తెలిసేది. మొదటి ఆదివారమే చర్చిలో ముసలివాళ్ళు తలలు తిప్పి చూసేరు.

నాకు నేర్పుతావా అని నేను అడగలేదు. అడిగేదాన్ని కాదు కూడా. అరుగు మీద అతను వాయించుకుంటుంటే స్తంభం పక్కన కూర్చుని నా ఎడమచేతి వేళ్ళని లంగా మీద అతని వేళ్ళలాగే కదుపుతుంటే చూసి, గిటారు తెచ్చి నా ఒళ్ళో పెట్టేడు. అది నాకంటే పెద్దది. గడ్డం దాని నడుముకి ఆనేది.

అతని పాఠాలన్నీ ఎడమచేతికే. కుడిచెయ్యి దానంతటదే నేర్చుకుంటుందనేవాడు. మొదట గోళ్ళు కత్తిరించేడు. తర్వాత గిటారు మెడని పట్టుకోవడం. బొటనవేలు మెడ వెనకాల మధ్యన, నడిమి వేలికి ఎదురుగా ఆనాలి, పైకి ఎక్కి కనిపించకూడదు. అరచెయ్యి చెక్కకి అంటుకోకూడదు, చేతిలో జామకాయ ఉన్నట్టు లోపల ఖాళీ ఉండాలి. వేళ్ళు వంగి, కొసలతో తీగ మీద నిలబడాలి. వేలు పెట్టేది మెడకి అడ్డంగా బిగించిన లోహపు మెట్టు మీద కాదు, మెట్టుకి ఇవతల, ఆనీ ఆననట్టు. అక్కడైతే తక్కువ బలానికే స్వరం తేటగా పలుకుతుంది, దూరంగా నొక్కితే తీగ జరజరమని ఏడుస్తుంది. ఒక్కో మెట్టుకి ఒక్కో వేలు. పని అయిపోయిన వేలు గాల్లోకి ఎగరకూడదు, తీగ మీదే మెత్తగా పడుకోవాలి, అప్పుడు స్వరం ఆగుతుంది. ఆపడం రాకపోతే వాయించడం రానట్టే అనేవాడు.

వారం రోజుల్లో నా వేలికొసలు ఎర్రబడి పొంగేయి. లావు తీగ మీద చుట్టిన సన్నతీగ ముద్రలు చర్మంలో వరసగా పడేవి. అన్నం తింటున్నప్పుడు మంచినీళ్ళ గ్లాసు ఎడమచేత్తో ఎత్తలేకపోయేదాన్ని. పలక మీద పెట్టినా, తలకి నూనె రాసుకున్నా మంట. ఒకరోజు కళ్ళనీళ్ళు తిరిగితే తల దించుకున్నాను. మావయ్య చూసేడు.

"నొప్పెడతందా? పెట్టనీ. నొప్పి తెలిస్తేనే ఎంత నొక్కాలో సేతికి తెలుస్తాది" అన్నాడు.

ఎంత నొక్కాలో నేర్పడానికి అతని దగ్గరొక పద్ధతుండేది. వేలు తీగ మీద ఊరికే ఉంచి, కుడిచేత్తో మీటుతూ, కొద్దికొద్దిగా నొక్కమనేవాడు. ముందు టక్కుటక్కుమనే మొద్దు చప్పుడు, తర్వాత జీర, తర్వాత ఒక్కసారి తేట. ఆ తేట వచ్చిన దగ్గర ఆగిపోవాలి. అంతకు మించి వెంట్రుకవాసి నొక్కినా స్వరం పైకి జరిగిపోతుంది. వానలు కురిసినన్నాళ్ళూ రోజూ మధ్యాహ్నం, చూరు నీళ్ళు మట్టిలో గుంటలు చేస్తుంటే, నేను ఆ ఆగవలసిన చోటు కోసం వెతికేదాన్ని. అమ్మమ్మ తాటితాండ్ర నములుతూ సణిగేది, అన్నం తినడానికి పనికిరాని సెయ్యికి ఇంత సేవేటిరా అని. అందుకే పాపం దానికి పాటిచ్చేనమ్మా అనేవాడు మావయ్య.

నాలుగు వేళ్ళలో మూడే వాడమని నేర్పేడు నాకు. చిటికెన వేలు పెళ్ళికొచ్చిన చుట్టం, దానికి పని చెప్పకూడదు అనేవాడు. నాలుగో మెట్టు అందుకోవాల్సి వచ్చినప్పుడు చెయ్యి మొత్తం జరిపి ఉంగరం వేలు వేసేవాడు. నేనూ అలాగే జరిపేదాన్ని. పట్నం వచ్చిన ఎన్నాళ్ళకో ఒక కాలేజీ ఫంక్షనులో ఎవరో గిటారు వాయిస్తుంటే చూసేను. అతని చిటికెన వేలు మిగతా వేళ్ళతో సమానంగా పనిచేస్తోంది. చప్పట్లు కొట్టడం మర్చిపోయి అలాగే కూర్చున్నాను.

భాద్రపదం దాటేక నాకొక సంగతి చెవికి తగిలింది. చర్చిలో నాన్న హార్మోనియం కంటే మావయ్య స్వరాలు కొన్ని ఇసుమంత పైన పలుకుతున్నాయి. అన్నీ కాదు. ఉంగరం వేలితో వేసినవే. వాన గాలికి తీగలు ఇలా అవుతాయి కాబోలనుకున్నాను. కాని అరుగు మీద నేను వాయిస్తే అదే తీగ, అదే మెట్టు, హార్మోనియంతో కలిసేది. నాకు వెంట్రుకవాసి అని చెప్పినవాడు తనే ఎందుకు మించి నొక్కుతున్నాడో అర్థం కాలేదు. ఆ రాత్రి నోటు పుస్తకంలో ఒక్క ముక్కే రాసేను: మావయ్యకి ఆగే చోటు తెలియడం లేదు.

మరోనాడు లావు తీగకి చుట్టిన సన్నతీగ ఒకచోట తెగి, ముల్లులా పైకి లేచింది. నేను పాఠం కోసం కూర్చున్నాను. మావయ్య నాకు చూపించడానికి వాయిస్తున్నాడు, కొత్త కీర్తన అదని నవ్వుతూ పాడుతున్నాడు. గిటారు మెట్ల మీద ఏదో నల్లగా మెరిసింది. నూనె అనుకున్నాను. తర్వాత చూస్తే అతని ఉంగరం వేలు పక్కంతా చీరుకుపోయి, రక్తం గిటారు మెడ మీంచి కారి పంచె మీద పడుతోంది. అతను వాయిస్తూనే ఉన్నాడు. పాట పూర్తయ్యేక గాని తన వేలు చూసుకోలేదు. చూసుకున్నాక, అరే అని పంచె చెంగుతో తుడుచుకుని, నా వైపు చూడకుండా లోపలికి పోయేడు.

కార్తీకం వెళ్ళి చలి మొదలవగానే చెరుకు కొట్టడం మొదలైంది. మా చర్చిలో పెద్దరైతు ఒకాయన తోటలో గానుగ వేసేరు. పిల్లలమంతా ఇత్తడి గ్లాసులు పట్టుకుని చెరుకురసం కోసం పోయేవాళ్ళం. పొగా, పిప్పీ, మరుగుతున్న రసమూ కలిసిన ఆ తీపి గాలిని నేను ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే పీల్చగలను. పెద్ద పెనంలో పాకం బుడగలు వేస్తుంటే పొయ్యి చుట్టూ పెద్దవాళ్ళు గొంతుక్కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. ఆరోజు నాకు బెల్లం ముద్ద పెడతానని మావయ్య పెనం అంచున అంటుకున్న పాకాన్ని ఎడమచేత్తో గీరి తీసేడు. చేతిని వెంటనే లాక్కోలేదు. పెనం అంచు మీద వేళ్ళు ఆనించి, ఎవరితోనో మాట్లాడుతూ, నింపాదిగా గీరేడు. పక్కనున్నవాళ్ళు నోళ్ళు తెరిచేరు.

"అయి సేతి ఏళ్ళు కావురా బాబూ, పట్కార్లు" అన్నాడు గానుగాయన. అందరూ నవ్వేరు. గిటారు నొక్కీ నొక్కీ కాయలు కాసి వేళ్ళు రాయైపోయేయని ఒకరంటే, అంత సాధన మరి అని మరొకరు మెచ్చుకున్నారు. మావయ్య కూడా నవ్వేడు. నేను నా వేలికొసలు చూసుకున్నాను. నాకూ కాయలు కాసేయి. కాని ఆ పెనం పక్కన నిలబడితేనే సెగకి నా చెయ్యి వెనక్కి వస్తోంది. కాయలు కాసేది కొసలకే కదా, అతని వేళ్ళు పక్కలంటా ఎందుకు కాలడం లేదు? అతను నోట్లో పెట్టిన బెల్లం ముద్ద మింగలేక చాలాసేపు బుగ్గన పెట్టుకున్నాను. అతని వేళ్ళకి మర్నాడు బొబ్బలు లేచేయి. గుడ్డ చుట్టుకుని, గోడ చెక్కుకుందన్నాడు.

ఆ నెలలోనే మిషను ఆసుపత్రి నుంచి సిస్టరమ్మ ఒకావిడ మా బడికి వచ్చింది. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, ఒంటి మీద తెల్లమచ్చలున్నవాళ్ళని విడిగా పిలిచి, కళ్ళు మూసుకోమని, కోడి ఈకతో అక్కడక్కడా తాకి, ఎక్కడ ముట్టుకున్నానో వేలు పెట్టి చూపించమంది. చెప్పలేనివాడు ఒక్కడు బయటపడ్డాడు. ఆ పిల్లాడు మర్నాటి నుంచి బడికి రాలేదు. కుష్ఠు అనే మాట అనకుండా, పెద్దరోగం అని బళ్ళో పెదవులు కదపకుండా చెప్పుకున్నారు. వాడు కూర్చున్న చాపని ఎవరో తీసుకెళ్ళి చెరువు గట్టున పారేసేరు.

నేను ఆరోజు పెరట్లో కోడి ఈక ఒకటి ఏరి పుస్తకంలో పెట్టుకున్నాను. మూడు రోజులు దాన్ని బయటికి తియ్యలేదు. నాలుగోనాడు మధ్యాహ్నం, అమ్మా అమ్మమ్మా క్రిస్మసు పోకుండలకి పిండి కొడుతున్నారు, రోకటి చప్పుడు పెరట్లోంచి వస్తోంది. మావయ్య అరుగు మీద ఒంటరిగా ఉన్నాడు. ఒక ఆట ఆడదాం, కళ్ళు మూసుకుని ఎడమచెయ్యి చాపు, నేను ఏ వేలు ముట్టుకున్నానో చెప్పాలి అన్నాను. నేనుగా ఆటకి పిలిచింది అదే మొదలు. అతను సంబరంగా కళ్ళు మూసుకున్నాడు.

చూపుడు వేలు చెప్పేడు. నడిమి వేలు చెప్పేడు. ఈక ఉంగరం వేలు మీద పెట్టేను. అతనేమీ అనలేదు. చిటికెన వేలు మీద కిందికీ పైకీ రాసేను.

"పెట్టవే గుంటా, ఎంతసేపు కూకోమంటావు?" అన్నాడు నవ్వుతూ.

ఈక తియ్యడం నాకు చేతకాలేదు. నా చెయ్యి అలాగే ఉండిపోయింది. కొంతసేపటికి అతను కళ్ళు తెరిచేడు. తన చిటికెన వేలి మీద ఈకని చూసేడు. రోకటి చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది.

"ఎక్కడ నేర్సుకున్నావే?"

బడికి సిస్టరమ్మ వచ్చిందని చెప్పేను. అతను ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని పైన కుడిచెయ్యి కప్పుకున్నాడు. అక్కకి చెప్పొద్దనీ, చెపితే ఈ ఇంటి అరుగు ఎవరూ ఎక్కరనీ, క్రిస్మసుకి వాయించి తనంతట తనే ఆసుపత్రికి పోతాననీ అన్నాడు. ఒట్టు వెయ్యమనలేదు. వేసి ఉంటే నాకు తేలికగా ఉండేదేమో.

ఆ క్రిస్మసు నాకు ఒక్క తీపీ గుర్తు లేదు. రంగు కాగితాల తోరణాలూ, అరిసెల నూనె వాసనా, కొత్త పరికిణీ గరగరా, అన్నిటి మధ్యా నేను అతని వేళ్ళనే చూస్తూ కూర్చున్నాను. క్రిస్మసు వెళ్ళింది, అతను వెళ్ళలేదు. కొత్త సంవత్సరం ఆరాధన కానిమ్మన్నాడు. తర్వాత ఈస్టరు ముందరి ఉపవాసాల లెంతు రోజులు వచ్చేయి, ఈస్టరు కానిమ్మన్నాడు. నాకు మాత్రం పాఠాలు ఎక్కువ చేసేడు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. తనకి రాని ఒత్తిడి అంతా నా వేళ్ళకి ఎక్కించాలన్నట్టు, ఆగు, అక్కడే ఆగు, మించకు అని చెవి దగ్గర చెపుతుండేవాడు. నేను వాయించడం నేర్చుకుంటున్న కొద్దీ అతను వెళ్ళే రోజు దగ్గరికొస్తున్నట్టు ఉండేది. వెళ్ళకపోతే ఆ చెయ్యి పోతుందని కూడా తెలుసు. చిటికెన వేలు అప్పటికే గోరు అరచేతికి తగిలేలా ముడుచుకుంది, ఉంగరం వేలు దాని వెనకే వంగుతోంది. చెప్పేస్తే మావయ్య ఉండడు, చెప్పకపోతే మావయ్య చెయ్యి ఉండదు. నోటు పుస్తకంలో ఇదే మాట రాసి, చింపి, పొయ్యిలో వేసేదాన్ని.

ఈస్టరుకి ముందు వారం, మట్టల ఆదివారంనాడు చర్చి నిండా ఈతమట్టల పచ్చివాసన. మొదటి కీర్తనలోనే మావయ్య వేళ్ళు తీగ మీంచి జారిపోయేయి. రెండోసారి వేసేడు. మళ్ళీ జారిపోయేయి. బేసు ఆగిపోయింది. నాన్న ఒక్కడి హార్మోనియమే సన్నగా వినిపిస్తోంది. మావయ్య లేచి, ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న నా ఒళ్ళో గిటారు పెట్టి, గోడ దగ్గరకెళ్ళి నిలబడ్డాడు. అంతమంది ఎదుట తలెత్తి ఎరగని నేను, ఆ కీర్తన చివరిదాకా మూడు వేళ్ళతో వాయించేను. శృతి ఎక్కడా తప్పలేదు. అందరూ మెచ్చుకుంటున్నప్పుడు గోడ దగ్గర చూస్తే అతను లేడు.

ఇంటికొచ్చి వంటింట్లో అమ్మ కొంగు పట్టుకున్నాను. ఈక సంగతీ, పెనం సంగతీ, రక్తం సంగతీ అన్నీ చెప్పేసేను. అమ్మ పప్పు గిన్నెలోంచి గరిటె తియ్యలేదు.

"నాకు తెల్సే" అంది.

ఎప్పటి నుంచి అని అడిగేను. వచ్చిననాడే, కాళ్ళు కడుక్కోడానికి చెంబు పట్టుకున్నప్పుడే, ఆ వేళ్ళ తీరు చూసి, అంది. అప్పుడు కనబడింది నాకు, తొమ్మిది నెలలుగా ఇంట్లోనే ఉండి కూడా చూడనిది. మావయ్యకి మొదటి నుంచీ నీలం అంచు పింగాణీ పళ్ళెమే పెట్టేది అమ్మ. దాన్ని మా కంచాలతో కలిపి తోమేది కాదు, విడిగా వేణ్ణీళ్ళు పోసి కడిగేది.

"మరెందుకు చెప్పలేదమ్మా?"

"సెప్తే ఎల్లిపోవాలి గదే. ఉన్నన్నాళ్ళూ ఉంటాడని" అంది, పొయ్యిలోకి చూస్తూ.

ఆ వారంలోనే నాన్న ఆసుపత్రికి ఉత్తరం రాసేడు. ఈస్టరు వెళ్ళిన బుధవారం మావయ్య ఎడమచెయ్యి శాలువలో చుట్టుకుని బస్సెక్కేడు. గిటారు నాకు వదిలేడు. బస్సు కదిలేదాకా అమ్మ నిలబడి, ఇంటికొచ్చి, అతని చాపా దిండూ పింగాణీ పళ్ళెమూ పెరట్లో వేసి, నా చేతుల్లోంచి గిటారు లాక్కుని వాటి మీద పెట్టి కిరసనాయిలు పోసింది. నా కోసమే చేసిందది. మంటల్లో తీగలు ఒక్కొక్కటే తెగుతూ పలికేయి. లావుది ఆఖర్న తెగింది. అమ్మ నా ఎడమచెయ్యి పట్టుకుని, ఒక్కో వేలు కొసా గిల్లుతూ, తెలుస్తందా, ఇక్కడ తెలుస్తందా అని అడిగింది. కాయలు కాసిన చోట నాకు సరిగ్గా తెలియలేదు. తెలుస్తోందన్నాను.

ఆ జవాబు నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఈ జబ్బు ఏళ్ళ తరబడి ఒంట్లో నిద్రపోయి బయటపడొచ్చని ఎక్కడో చదివేను. అందుకే మళ్ళీ ఏ వాయిద్యమూ ముట్టుకోలేదు. కాయల వల్ల తెలియనిదేదో, జబ్బు వల్ల తెలియనిదేదో నా వేళ్ళు విడదీసి చెప్పగలగాలి. వేసవి దాటేసరికి కాయలు పొరలు పొరలుగా ఊడిపోయేయి. చర్చిలో బేసు మళ్ళీ ఎవరూ వాయించలేదు. అమ్మమ్మ పోయింది, నాన్నకి బదిలీ అయ్యింది. గానుగ వేసిన తోటలో ఇప్పుడు ఇళ్ళు లేచేయట.

మావయ్య రోగం బిళ్ళలతో నయమైంది. వేళ్ళు మాత్రం తిరిగి రాలేదు. మొద్దుబారడం మొదలైనప్పుడే వచ్చుంటే నిలిచేవని ఆ ఆసుపత్రి డాక్టరమ్మ నాతో మామూలుగా అంది. అతను ఆసుపత్రి తోటలోనే పనిచేస్తూ అక్కడే ఉండిపోయేడు. ఏడాదికోసారి వెళ్ళి చూసి వస్తాను. కిందటి నెల వెళ్ళినప్పుడు, ఇద్దరం వరండా మెట్ల మీద కూర్చున్నాక, వాయిస్తన్నావా అని అడిగేడు. వాయిస్తున్నాను మావయ్యా అన్నాను.

ఏదీ అని నా ఎడమచెయ్యి అందుకున్నాడు. అతని చేతులకి ఏమీ తెలియదు కనక, నా వేలికొసల్ని తన చెంపకి ఆనించుకున్నాడు. ఒక్కో వేలే, నిదానంగా, నాలుగూ. చిటికెన వేలు దగ్గర కాసేపు ఆగేడు. నా వేళ్ళు పసిపిల్ల వేళ్ళలా మెత్తగా ఉన్నాయి.

"బాగా గట్టిపడ్డాయే" అన్నాడు మావయ్య.